పడవకి తారు, పట్టీకి జిగురు

"మూత ఎట్టినావా?"

"ఎట్టినాను. తొంగో."

మా ఆయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. మధ్యాహ్నం అన్నం తిని, పనిబల్ల పక్కన చాప వేసుకుని, గోడవైపు తిరిగి ఆ మాట అడిగాడు. నేను జవాబు చెప్పాను. పడుకున్నాడు. టీ పెట్టి లేపితే లేవలేదు. నిద్రలోనే వెళ్ళిపోయాడు, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అడిగారు, ఆఖరున ఏమన్నాడని. ఒకరి మొగుడు పిల్లల్ని చూసుకోమంటాడు, ఇంకొకరి మొగుడు దేవుణ్ణి తలుచుకుంటాడు. నా మొగుడు జిగురు డబ్బా మూత గురించి అడిగాడు. మొదట్లో ఆ మాట పైకి చెప్పడానికి మొహమాటపడ్డాను. ఇప్పుడు చెప్పి నేనే ముందు నవ్వుతాను. రాస్తున్న పిల్ల కూడా నవ్వుతోంది. నవ్వు, కానీ చెయ్యి ఆపకు.

రాస్తున్నది నా చెల్లెలి కూతురు. నాకు నా పేరు రాయడం వస్తుంది, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వస్తుంది, అదీ ఒడియాలో. ఇది మాత్రం తెలుగు బడిలో చదువుకుని ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. నేను నా నోటికొచ్చినట్టు చెబుతుంటే, ఇది పుస్తకంలో ఉండేలాగా దిద్ది రాస్తోంది. సరే అన్నాను. కానీ మనుషులు అన్న మాటలు అన్నట్టే రాయాలి, వాటికి ఇస్త్రీ చెయ్యొద్దని గట్టిగా చెప్పాను.

మా దుకాణం బరంపురంలో, పెద్ద బజారు వెనక సందులో, ఒక మేడమెట్ల కింద ఉంటుంది. నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే రాజభోగం. సంచులు కుడతాం, బెల్టులు కుడతాం, తెగిన చెప్పులు బాగుచేస్తాం. కానీ మాకు పేరు తెచ్చింది గజ్జెల పట్టీలు. నాట్యం నేర్చుకునే పిల్లలు కాళ్ళకు కట్టుకుంటారే, అవి. పైన మందపాటి తోలు పట్టీ, దాని మీద వరసలుగా మువ్వలు. మువ్వల్ని సన్నటి తోలుతాడుతో కడితే ఆ ముడులన్నీ పట్టీ వెనక్కి వస్తాయి. అవి కాలికి గుచ్చుకోకుండా లోపలివైపు మెత్తటి గొర్రెతోలు అంటించి, తర్వాత అంచు చుట్టూ కుడతారు. రంగు వెయ్యని తోలు, మీగడలాగా ఉంటుంది. దాని మీద ఏ మరక పడినా దాగదు. పైగా జిగురు, మేం సొల్యూషన్ అంటాం, అంచుల్లోంచి బయటికి వచ్చిందంటే దుమ్ము పట్టి నల్లబడుతుంది, ఎండి గట్టిపడుతుంది, చిన్నపిల్లల కాళ్ళను కొరికేస్తుంది. శుభ్రంగా అంటించాలనేది అందం కోసం అనుకునేరు, కాదు. చర్మం కోసం.

అంటించడం ఆయన పని, కుట్టడం నా పని. నన్ను జిగురు ముట్టనిచ్చేవాడు కాదు. దానికో కథ ఉంది, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మాది సోనేపూర్. సముద్రం పక్క పల్లె. మా నాన్నకి పడవ ఉండేది. పడవ చెక్కల సందుల్లో తారు పట్టించేటప్పుడు నేనూ చెయ్యి వేసేదాన్ని. మాకు తెలిసిన అంటించడం అదే. సందు కనబడితే తారు కుక్కు, ఇంకా కుక్కు, పైన మళ్ళీ పూయి. తక్కువైతే సముద్రం లోపలికి వస్తుంది. ఎక్కువైతే ఎవరూ చావలేదు.

ఒకరోజు బరంపురం నుంచి కొందరు కుర్రాళ్ళు సముద్రం చూడ్డానికి వచ్చారు. అందులో ఒకడి చెప్పు ఇసకలో తెగింది. వాడు స్టేషను దగ్గర తోలు దుకాణంలో పని నేర్చుకుంటున్నాడట. తోలు పనివాడి చెప్పే తెగిందని మిగతావాళ్ళు వాణ్ణి ఏడిపిస్తున్నారు. వాడు కుంటుకుంటూ మా పడవ దగ్గరికి వచ్చాడు.

"కాస్త తారు ఎడతావేటి? పట్టీ అంటించీసుకుంటాను" అన్నాడు.

"సెప్పు ఇప్పి ఇయ్యి."

"ఇసక కాల్తంది. కాలితోనే ఎట్టు."

అలా అంటే నేనేం చెయ్యను. కర్రతో ఇంత ముద్ద తీసి వేశాను. చెప్పు పట్టీ అంటుకుంది, చెప్పు కాలికీ అంటుకుంది. కిరోసిను తెచ్చి మా అమ్మ వాడి వేళ్ళు విడదీస్తుంటే ఊరు ఊరంతా చూసి నవ్వింది. వాడు కోపగించుకోలేదు. మళ్ళీ ఆదివారం వచ్చాడు, ఆ పై ఆదివారం కూడా వచ్చాడు. కులం వేరని రెండిళ్ళలోనూ గొడవలయ్యాయి. తర్వాత అవే సర్దుకున్నాయి. పెళ్ళయ్యాక ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"ఒలే, నీది పడవకి తారెట్టే సెయ్యి. సూది నీది, జిగురు నాది. డబ్బా ముట్టుకున్నావంటే మాత్రం నానూరుకోను."

అలాగే జరిగిపోయింది మా కాపురమంతా.

ఆయన పోయాక దుకాణం తాళం వేసి ఉంది. నా కూతురు పొలసరలో ఉంటుంది. అల్లుడిది ఎరువుల దుకాణం. రోజూ ఫోను చేసి ఒకటే మాట.

"అమ్మా, ఆ సొల్యూషన్ వాసనలో ఒక్కర్తివీ ఏటి కూకుంటావు? నా దగ్గిరకొచ్చీ. మడత మంచం ఏసినాను, ఫేను కింద."

కూతురు మంచిది. మంచమూ మంచిదే అయి ఉంటుంది. నాకు మాత్రం పొద్దున్న లేచి ఫేను కింద కూర్చోవడం అనుకుంటేనే ఒళ్ళు నొప్పులు వచ్చేవి. కానీ కుట్టడం తప్ప రాని మనిషికి దుకాణం ఎందుకు? అంటించకుండా ఏదీ కుట్టలేం.

అలాంటప్పుడు గురుమా వచ్చింది. ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు నాట్యం నేర్పే ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఆమెది ఒడియా. పిల్లల తల్లులతో మాట్లాడి మాట్లాడి మన తెలుగు పట్టింది. నన్ను మాఉసీ అంటుంది, అంటే పిన్ని అన్నట్టు. కొత్తగా చేరిన చిన్నపిల్లలందరికీ పట్టీలు కావాలట. చలికాలంలో బడి హాల్లో వాళ్ళ మొదటి ప్రదర్శన.

"మాఉసీ, మీ ఆయన అంటించింది గోరు పెట్టినా లేవదు. నువ్వు సెయ్యగలవా? నేదంటే ఇప్పుడే సెప్పు, కటకం నుంచి తెప్పించుకుంటాను. పిల్లల కాళ్ళతో నాను ఆటలాడను."

"ఒక జత సేసి సూపిస్తాను. అది సూసి సెప్పండి" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం.

ఆ సంగతి కూతురికి చెప్పాను.

"సరే, పందెం. నీ పట్టీలు ఆ పిల్లగుంటలు ఆడినంతసేపూ నిలిస్తే నువ్వక్కడే ఉండు, నాను మళ్ళీ అడగను. ఒక్కటి ఊడిందా, బట్టలు సర్దుకుని నాతో వొచ్చీడమే. మాటేనా?"

"మాటే."

దుకాణం తెరిచి, దులిపి, దీపం పెట్టి కూర్చున్నాను. మొదటి జత సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. సందు చూస్తే కుక్కాలనిపించే చెయ్యి కదా నాది. బ్రష్షు నిండా సొల్యూషన్ ముంచి తోలుకి పట్టించాను. తడి తడిగా ఉండగానే రెండో తోలు మీద పెట్టి అరచేత్తో అదిమాను. నాలుగువైపులా బుసబుసమని బయటికొచ్చింది. గుడ్డతో తుడిచాను. తుడిస్తే మీగడ తోలంతా బూడిద రంగుకి తిరిగింది. గుడ్డ చేతికి అంటుకుంది. చెయ్యి చెంపకి తగిలింది. అంతలో ఈ పిల్ల కాలేజీ నుంచి ఇటు వచ్చింది.

"పెద్దమ్మా, నీ సెంపకి ఏటది?"

"ఏటి?"

"మువ్వ. మువ్వొకటి అంటుకుపోనాది."

ఇద్దరం గోడకి చేరబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఆయన పోయాక ఆ మెట్ల కింద నవ్వు వినబడటం అదే మొదలు. తర్వాత ఆ జతను సంచిలో పెట్టి దాచేశాను, పారేయలేదు. తోలు ఊరికే రాదు.

ఆ రాత్రి ఈ పిల్లను నా దగ్గరే ఉండమని, వంటింట్లో దోసెలు పోస్తున్నాను. అలవాటు ప్రకారం ఉల్లిచెక్క నూనెలో ఒక్కసారి తాకించి పెనమంతా తిప్పాను. పెనం నిగనిగలాడింది. అట్లకాడ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెనానికి నూనె పోస్తే దోసె అంటుకోదు, జారిపోతుంది. ఒక్క చుక్క నూనెని పెనమంతా పరిచే చెయ్యి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. నాది పడవకి తారెట్టే చెయ్యి అని ఆయన అన్నాడు, నేను నమ్మాను. పెనానికి నూనె రాసే చెయ్యి కూడా ఇదే అని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఆ పెనం మీది దోసె మాడిపోయింది. ఈ పిల్లే తినింది, పాపం.

మర్నాడు బ్రష్షు పక్కన పెట్టేశాను. పట్టుచీరల పెట్టెలో వచ్చే దళసరి అట్టను రెండు వేళ్ళ వెడల్పు కోసి, దాని అంచుతో సొల్యూషన్ కాస్త తీసి, ఇటు నుంచి అటు ఒక్కసారి లాగాను. పలచగా, తోలు రంగు కనబడేంత పలచగా పరుచుకుంది. అలా చెత్త ముక్కల మీద గీసి గీసి చెయ్యి కుదుర్చుకున్నాను. ముందుగా రెండు తోళ్ళనూ గరుకు కాగితంతో గీకడం మాత్రం నాకు తెలుసు, ఆ పని ఆయన నా చేతే చేయించేవాడు. నున్నటిదానికి ఏదీ పట్టదు.

ఇంకో సంగతి అప్పుడు అర్థమైంది. ఆయన జిగురు రాసిన వెంటనే లేచి టీకి వెళ్ళిపోయేవాడు. పని సగంలో వదిలేసి సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడి ఊళ్ళో వాళ్ళందరితో కబుర్లు. బద్ధకిష్టి మనిషి అని ఎన్ని తిట్లు తిట్టానో. తీరా చూస్తే ఆ టీయే లెక్క. రాసిన జిగురు రెండు వైపులా ఆరాలి. వేలి కణుపుతో తాకితే అంటుకోకూడదు. అప్పుడు రెండూ కలిపితే ఒక్క చుక్క కూడా బయటికి రాదు, పట్టు మాత్రం విడవదు. టీ తాగి వచ్చేసరికి సరిగ్గా ఆరి ఉండేదన్నమాట. వాన రోజుల్లో, సముద్రపు గాలి తడిగా ఉన్నప్పుడు రెండు టీలు తాగేవాడు. అదీ లెక్కే.

నేనూ జిగురు రాసి టీ కొట్టుకి వెళ్ళాను. టీ కొట్టతను నన్ను అప్పా అంటాడు, అంటే అక్కా అని. గ్లాసు అందిస్తూ అన్నాడు.

"ఏటప్పా, నువ్వూ మొదలెట్టీసినావా? బావ తిట్లు తింటూ తాగీవోడు. నిన్ను తిట్టీవోళ్ళెవురూ నేరు, తీరుబడిగా తాగు."

తీరుబడిగానే తాగాను. పంచదార ఎక్కువ వేయించుకున్నాను.

ఆరిన జిగురుతో ఒక చిక్కుంది. రెండు తోళ్ళు ఒకసారి తాకాయంటే మళ్ళీ జరపలేం. వంకర పెడితే వంకరే. దానికి చీరల దుకాణంలో మడతల మధ్య పెట్టే నున్నటి కాగితం పనికొస్తుంది. కింది తోలు మీద కాగితం పరిచి, దాని మీద పై తోలు పెట్టి, అంచులు సరిచూసుకుని, అప్పుడు కాగితాన్ని మెల్లిగా ఒకవైపు నుంచి లాగుతూ వేళ్ళతో అదుముకుంటూ పోవాలి. నిద్రపోతున్న పిల్ల కింద నుంచి పక్కగుడ్డ లాగినట్టు. ఆయన అలా లాగడం వేలసార్లు చూశాను. చూడటం వేరు. మొదటిసారి లాగితే కాగితం సగంలో చిరిగి లోపలే ఉండిపోయింది. రెండోసారి వచ్చింది.

ఆయన సొరుగులో నిమ్మకాయంత రబ్బరు ఉండ ఒకటి ఉండేది. ఎండిన సొల్యూషన్ పెచ్చుల్ని ఏరి ఏరి ఉండ చుట్టుకున్నాడు. పిల్లలు ఆడుకునేదేమో, పారేద్దామని చాలాసార్లు అనుకున్నాను. దాని పనేంటో ఇప్పుడు తెలిసింది. ఎక్కడైనా పొరపాటున జిగురు తగిలితే తడిగా ఉండగా తుడవకుండా ఎండనిచ్చి, ఈ ఉండతో మెల్లిగా రుద్దితే ఆ మరక ఉండకే అంటుకుని వచ్చేస్తుంది. ఎండిన జిగురుకి ఎండిన జిగురే చుట్టం. ఆ ఉండతో రుద్ది రుద్ది నా మొదటి జతను కూడా కొంతవరకు బాగుచేశాను. పూర్తిగా కాలేదు. దాన్ని నా కత్తులకు ఒరలాగా వాడుకుంటున్నాను.

అలా ఒక మంచి జత తయారైంది. అంచులు చూస్తే వెన్న కోసినట్టు ఉన్నాయి. నా కుట్టు సంగతి చెప్పక్కర్లేదు. గురుమాకి కబురు పంపాను.

ఆమె వచ్చి పట్టీ తిప్పి, అంచు పొడవునా బొటనవేలి గోరు పెట్టి లేపి చూసింది. లేవలేదు. అప్పుడు పట్టీని కాలికి చుట్టినట్టు వంచి, మధ్యలో వేలితో నొక్కింది.

"ఇక్కడ టికే బుడగ ఉందేటి, మాఉసీ?"

నేనూ నొక్కి చూశాను. టికే అంటే కొంచెం. కొంచెం కాదు, బాగానే ఉంది. సరిగ్గా నడిమధ్య, పావలా అంత మేర, లోపలి తోలు పట్టకుండా ఉబ్బి ఉంది.

"ఆడుతుంటే సెమట పడతాది. సెమటకి ఈ బుడగ పెద్దదైపోతాది" అంది ఆమె. కసురుకోలేదు, ఆమె కసురుకునే మనిషి కాదు. "ఇంకో జత సెయ్యి. అందులోనూ ఇలాగే ఉంటే కటకమే. ఏటనుకోకు."

ఆమె వెళ్ళాక కుట్టు విప్పి, తోలు ఒలిచి చూశాను. అంతటా గట్టిగా పట్టింది. ఒక్క బుడగ ఉన్నచోట మాత్రం, రెండు తోళ్ళ మధ్యా, పచ్చగా గుండ్రంగా పసుపు.

నేను పెట్టిన పసుపుబొట్టు అది.

కొత్త పని మొదలుపెట్టేటప్పుడు తోలుకి పసుపుబొట్టు పెట్టడం మా దుకాణం ఆచారం. మొగుడు పోయినదాని చేత్తో పసుపేంటని ఎవరో ఒకరు అంటారని తెలుసు. తోలుకి తెలీదు కదా నేను ముండమోసిన సంగతి. అందుకే ఎవరూ చూడకుండా, మనసారా, ఇంత పెద్ద బొట్టు నడిమధ్యన పెట్టి, దండం పెట్టుకుని, దాని మీదే జిగురు రాశాను. పొడి మీద జిగురు ఎలా పడుతుంది? నేను దేవుణ్ణి నమ్ముకున్నాను, దేవుడు గరుకు తోలుని నమ్ముకున్నాడు.

మరి ఆయనా పెట్టేవాడు కదా. ఎక్కడ పెట్టేవాడు? ఎక్కడో ఓ మూల, చీమంత. దేవుడి దగ్గర కూడా పిసినారితనమేనా అని దెప్పేదాన్ని. పిల్లను పిలిచి చెబితే అది ఆయన కోసిన సన్నటి అంచుల కట్ట ఒకటి బల్ల కింద నుంచి లాగింది. లోపలి తోలుని ఆయన ఎప్పుడూ కాస్త పెద్దది కోసి, అంటించాక ఎక్కువైన అంచుని కత్తితో తీసేసేవాడు. ఆ తీసేసిన పీలికల్ని కట్టగట్టి దాచాడు, ఎప్పుడైనా మడతల్లోకి పనికొస్తాయని.

"సూడు పెద్దమ్మా" అంది.

ప్రతి పీలిక మీదా ఓ మూల పచ్చటి చుక్క. తీసి పారేసే భాగం మీద పసుపు పెట్టాడు మనిషి. దేవుడికి దండమూ అయ్యింది, పట్టీకి బుడగా రాలేదు. ఆ పీలికలు ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఏడుపు వచ్చిందని రాయకు. వచ్చింది కానీ, నవ్వే ఎక్కువ వచ్చింది. ఇంత తెలివి ఉండి నాతో ఒక్కమాట చెప్పలేదు. చెబితే డబ్బా నేను లాక్కుంటానని భయం కాబోలు.

పసుపు అంచు మీదే పెట్టి, ఇంకో జత చేసి గురుమా చేతిలో పెట్టాను. గోరు పెట్టింది, వంచింది, నొక్కింది, ఎండకి ఎత్తి చూసింది. "హఉ" అంది. సరేనని వాళ్ళ మాట. వెళ్ళేటప్పుడు మాత్రం ఇంకో మాట అంది, పట్టీ నిలిచిందో లేదో ఆడాకే తెలుస్తుందని.

కొలతలు తీసుకోవడానికి పిల్లల్ని దుకాణానికి పంపింది. ఆ పూట మెట్ల కింద జాతర. కాలి చుట్టూ దారం చుట్టి కొలత తీస్తుంటే ఒక్కో గుంటకీ చక్కిలిగింత. అందరిలోకీ చిన్నదాని కాలు నా రెండు వేళ్ళంత ఉంది. దానికి మువ్వలు తగ్గిస్తానంటే ఒప్పుకోలేదు.

"నాకు అక్క కన్నా ఎక్కువ ఎట్టు, ఆయీ" అంది. ఆయీ అంటే అమ్మమ్మ.

"ఎక్కువెడితే కాలు లేవదే."

"లేస్తాది. సూడు." అని దబదబమని గంతులేసి, జిగురు డబ్బా తన్నేసింది. మూత ఉంది కాబట్టి బతికిపోయాం.

ప్రదర్శన రోజున నా కూతురు పొలసర నుంచి పెద్ద సంచి ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది. ఖాళీ సంచి. నా బట్టల కోసమని అడక్కుండానే తెలుసు. నా పక్కన కూర్చుని సంచి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఇటుపక్క ఈ పిల్ల కూర్చుంది.

హాల్లో అందరూ పిల్లల మొహాలు చూస్తున్నారు, చేతులు చూస్తున్నారు. తల్లులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను కాళ్ళు తప్ప ఏమీ చూడలేదు. మద్దెల మొదలైంది, పాదాలు పడ్డాయి, మువ్వలన్నీ ఒక్కసారిగా ఘల్లుమన్నాయి. నేను కుట్టినవి మోగడం ఎన్నోసార్లు విన్నాను. నేను అంటించినవి మోగడం ఇదే మొదలు. ఆ పిల్లలు కాళ్ళు ఎత్తి నేలకేసి కొడుతుంటే నేను నా కాలివేళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

సగంలో ఆ చిన్నది ఆట ఆపేసింది. అందరూ కుడివైపు తిరిగితే అది నిలబడిపోయి, వంగి, కాలి పట్టీ దగ్గర చెయ్యి పెట్టింది. నా కూతురు నా మోచెయ్యి పట్టుకుంది.

"ఊడిపోనాదమ్మా."

"నోరు ముయ్యి."

"సూడు, పట్టీ పట్టుకుంది..."

ఆ గుంట పట్టీకి కాస్త పైన పిక్క మీద బరబరా గోకింది. ఒకసారి కాదు, తీరుబడిగా, దోమ కుట్టిన చోటు మీద ఇష్టం వచ్చినంత గోకింది. గోకడం అయ్యాక తల పైకెత్తి, మిగతావాళ్ళు ఎక్కడున్నారో చూసుకుని, పరిగెత్తి వరసలో కలిసింది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను, నా ఊపిరి ఇంకా తిరిగి రాలేదు.

అయిపోయాక గురుమా పిల్లల్ని తెర వెనక కూర్చోబెట్టి, నన్ను పిలిచి, నా ముందే ఒక్కొక్కరి పట్టీలు విప్పింది. చెమటకి లోపలి తోళ్ళన్నీ తడిసి ఉన్నాయి. ఒక్కోదానికీ గోరు పెట్టింది. ఒక్కోదాన్నీ వంచింది. నా కూతురు తల దూర్చి తనూ గోరు పెట్టి చూసింది, నేను ఓడిపోవాలని కాదు, పందెం పందెమే కదా. చివరికి ఆ చిన్నదాని కాలు ఎత్తి చూశారు. దోమకాటు దగ్గర ఎర్రగా దద్దురుంది. పట్టీ ఉన్నచోట చర్మం మీద ఒక్క గీత లేదు.

"లేవడం నేదు" అంది నా కూతురు.

"పెద్ద పిల్లలవి పాతబడిపోనాయి, మాఉసీ" అంది గురుమా. "సోమవారం పంపిస్తాను. కొలతలు తీసుకో."

"పంపండి. అందర్నీ ఒక్కసారే పంపీకండి. నా దుకాణంలో నిలబడ్డానికి సోటు నేదు."

బయటికి వచ్చాక నా కూతురు మడిచిన సంచిని విప్పి, దులిపి నాకు చూపించింది.

"ఇంత పెద్ద సంచి మోసుకొచ్చినాను. ఖాళీగా పట్టుకెల్తే మీ అల్లుడు నవ్వుతాడు."

"ఖాళీగా ఎందుకు?" అని బజారుకి తీసుకెళ్ళి అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు నింపించాను. బస్సు ఎక్కేదాకా అది వాసన వాసన అంటూనే ఉంది. ఎక్కాక కిటికీలోంచి తల బయటపెట్టి, "నాకొక సేతిసంచి కుట్టమ్మా, అంచులు అలాగే రావాల" అంది.

మర్నాడు దుకాణం తాళం తీశాను. అప్పటి నుంచి తీస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఇది చెబుతుంటే కూడా బల్ల మీద రెండు తోళ్ళు ఆరుతున్నాయి.

ఇక చాలు. కలం కింద పెట్టి, రాసింది మొదటి నుంచీ చదువు. గబగబా చదవకు, నాకు అందేట్టు చదువు. మీ పెదనాన్న మాటలు వచ్చినచోట గొంతు కొంచెం గట్టిగా పెట్టు. నేను చెప్పనిది ఏదైనా దూర్చావేమో వింటాను. ఊఁ, చదువు అమ్మీ.